వంకర గోడ, తిన్నని అలమార



ఇంటిలో ఏ గదిని బాగుచేయించినను నాలుగు దినములు సర్దుకొనవచ్చును. వంటయింటిని విప్పినచో నిల్లంతయు తలక్రిందులగును. పొయ్యి వసారాలోనికి వచ్చును. పోపులపెట్టె పడకగదిని చేరును. ఉప్పుడబ్బా యెక్కడనున్నదో రెండవనాటి కెవరికిని తెలియదు. ఇట్టి స్థితిలో ఇల్లాలు పని యెప్పుడు తెమలునాయని యెదురుచూచుట సహజమే. అందుచేత కడపట జరుగు అలమారల బిగింపును, వాని యంచుల పట్టీలను శ్రద్ధతో చూచువారు తక్కువ. రెండుమూడు దినములలో ముగియు ఆ పనిని మాత్రము ఏండ్లతరబడి దినమునకు పదిమారులు మనమే తెరచి మూయవలయును. కావున ఈ నెల ఆ బిగింపునుగూర్చి ముచ్చటించుకొందము.

వడ్రంగి చేసితెచ్చు పెట్టె మూలమట్టమునకు సరిపోవునది. మన గోడ యట్టిది కాదు. చిక్కులన్నియు నిక్కడనే పుట్టుచున్నవి. ఇటుకగోడపై సిమెంటుపూతను చేతితో పూయుదురు గావున ఒకచోట అర అంగుళము, వేరొకచోట ముప్పాతిక అంగుళము దళసరి యుండును. రెండు గోడలు కలియు మూలలో పూత మరికొంత పేరుకొనును. నిలువెత్తు గోడ అర అంగుళము ముందునకో వెనుకకో వాలియుండుట సామాన్యము. నేల సంగతి సరేసరి. కడిగిన నీరు తూమువైపు పోవుటకై దానిని బుద్ధిపూర్వకముగనే వాలుగా వేయుదురు. పాతయిండ్లలోనే గాక నిన్న కట్టిన యిండ్లలోను నింతే. కంటికి తిన్నగా తోచిన గోడను నమ్మి బిగించినచో, పెట్టెయు ఆ గోడ వంకరనే నేర్చుకొనును.

కావున మొదట కొలత, పిమ్మట మేకు. మూలను పరీక్షించుట కొక సులభోపాయము కలదు. మూలనుండి ఒక గోడవెంట 3 అడుగులు, రెండవ గోడవెంట 4 అడుగులు కొలిచి గురుతులు పెట్టి, ఆ గురుతుల నడిమి దూరమును కొలువవలయును. అది సరిగా 5 అడుగులైనచో మూల సరియైనది, ఎక్కువైనచో విచ్చుకొన్నది, తక్కువైనచో ముడుచుకొన్నది. యజ్ఞవేదికలను త్రాటితో కొలిచి నిర్మించుటకై యేర్పడిన ఆపస్తంబ శుల్బసూత్రములలో ఈ 3, 4, 5 కొలతలు కలవు. వేదికి పనికివచ్చిన లెక్క వంటయింటికిని పనికివచ్చును.

గోడ నిలువును దారమునకు వ్రేలాడు గుండుతోను, అడ్డమును రసమట్టముతోను చూడవచ్చును. గది పొడవునను ఒకే మట్టము కావలసినచో, రెండు కొనలును తెరచియున్న గాజువంటి గొట్టములో నీరు నింపి, రెండుచోట్లను నీరు నిలిచిన యెత్తున గీతలు వేయుట మన మేస్త్రీల పాతపద్ధతి. గొట్టములో గాలిబుడగ మాత్రముండరాదు. ఇప్పుడు గోడపై వెలుగుగీతను చూపు లేజరు పరికరములును వచ్చినవి. ఏ సాధనముతో వేసినను, ఆ గీత గది చుట్టును పడిన పిమ్మటనే పెట్టెలను లోనికి తేవలయును.

క్రింది పెట్టెల యెత్తును నేలలో మిక్కిలి మెరకగానున్న చోటినుండి లెక్కింపవలయును. పల్లపుచోట పెట్టెక్రింద సన్నని చెక్కచీలికలను పెట్టియో, మర త్రిప్పిన హెచ్చుతగ్గులగు కాళ్లను అమర్చియో మట్టమునకు తేవచ్చును. పల్లమునుండి మొదలిడినచో మెరకకు వచ్చుసరికి పెట్టెను కోయక తప్పదు. మన యిండ్లలో తరచుగా గ్రానైటు గట్టు ముందుగానే కట్టబడి, దాని నిలువుపలకల నడుమ పెట్టెలు దూర్చబడుచుండును. అట్టిచోట వెడల్పును పైన, నడుమ, క్రింద మూడుచోట్ల కొలిచి, అందు తక్కువదానినే ప్రమాణముగా గ్రహింపవలయును.

పెట్టెలను గోడకు బిగించుటకు ముందు ఒకదానితో నొకటి ముఖములు సమముగా కలిపి బిగింపవలయును. పిమ్మట గోడకును పెట్టె వెనుకభాగమునకును ఎడమున్నచోట, మేకు దిగు తావుననే, చీలిక పెట్టవలయును. చీలిక లేక మరమేకును బిగించుకొలది, గోడలోని గుంట పెట్టెను తనవైపు లాగుకొనును, పెట్టె మెలిపడును, తలుపులు ఒకటి పైకి, ఒకటి క్రిందికి పోవును. ఇప్పటి మడతబందులలోని చిన్నమరలను త్రిప్పి తలుపును రెండుమూడు మిల్లీమీటర్లు జరుపవచ్చును గాని, మెలిపడిన పెట్టెను అవి సరిచేయజాలవు. తలుపు వంకరగానున్నదని మడతబందును తిట్టుటకు ముందు పెట్టెను చూడవలయును.

గోడకు వ్రేలాడు అలమారల విషయమున నింకను జాగ్రత్త కావలయును. మా యెరుకలోని యొక యింట అట్టి అలమార బిగించిన మూడవనెలలో, ఒకరాత్రి, గిన్నెలతో సహా ఊడి వంటగట్టుపై పడినది. ప్రొద్దుట నైనచో ఆ గట్టునొద్ద ఆ యింటి కోడలు నిలిచియుండెడిది. చూడగా మరమేకులన్నియు పూతలోనే నిలిచిపోయినవి. ఇటుకలో పట్టు దొరికినది ఒక్కటియు లేదు. లెక్క చూడుడు: పెట్టె వెనుకనుండు అడ్డపట్టె 18 మిల్లీమీటర్లు, పూత 15 మిల్లీమీటర్లు, వెరసి 33. మరమేకు 50 మిల్లీమీటర్లదైనచో ఇటుకలోనికి దిగునది 17 మాత్రమే. 75 మిల్లీమీటర్లదైనచో 42 దిగును. గోడ తేలికరాళ్లతో కట్టినదైనచో వానికై వేరుగా చేయబడిన ప్లగ్గులు కావలయును. బెజ్జము వేయుటకు ముందు కరెంటుతీగయు నీటిగొట్టమును గోడలో నేదారిని పోవుచున్నవో యెరుగవలయును. పూత పూయకముందే గోడల ఫొటోలు తీసి యుంచుకొన్న యింట ఈ భయము తగ్గును.

పెట్టె మట్టమునకు నిలిచినపిమ్మట, అది తిన్నగా నుండుటయు గోడ వంకరగా నుండుటయు స్పష్టమగును. ప్రక్కన క్రింద కాలంగుళము, పైన ముప్పాతిక అంగుళము సందు తేలును. దీనిని చూచి కంగారుపడవలదు. ఆ సందుకొరకే పట్టీ యున్నది. కొంత వెడల్పైన పట్టీని గోడకానించి నిలువుగా పట్టుకొని, చిన్న చెక్కముక్కపై పెన్సిలునుంచి గోడవెంబడి పైనుండి క్రిందికి లాగినచో, గోడ వంకర యంతయు పట్టీపై గీతగా పడును. ఆ గీతవెంట కోసినచో పట్టీ గోడకు అతుకుకొనిపోవును. తొందరపడు పనివారు ఇంత శ్రమ యెందుకని సందును తెల్లసిమెంటుతో పూడ్చెదరు. వానకాలమున కొయ్య ఉబ్బి వేసవిలో తగ్గును గావున, ఆ పూడిక ఏడాది తిరుగకుండ పగులును. ఆ పగులే బొద్దింకలకు నివాసమగును.

మూలలో రెండు వరుసల పెట్టెలు కలియుచోట 2 అంగుళముల పట్టీనైన విడువనిచో, ఒక సొరుగు రెండవదాని పిడికి తగిలి తెరచుకొనదు. క్రిందిపట్టీని 3 అంగుళములు లోనికి జరిపినచో గట్టునొద్ద నిలుచునప్పుడు కాలివ్రేళ్లకు చోటుండి, నడుము ముందునకు వంగదు. పట్టీలు మూల తిరుగుచోట కన్నుమూసికొని 45 డిగ్రీలకు కోయరాదు. మూల నెంతయున్నదో కొలిచి, అందు సగమునకు కోయవలయును. సింకుక్రింద గొట్టములకై కోసిన రంధ్రముల యంచులకు తప్పక పూత వేయింపవలయును, ఐ.ఎస్. 710 గురుతుగల మెరైన్ ప్లైవుడ్డైనను పచ్చి యంచును నీటికి విడువరాదు.

ఇక ఒక్క సంగతి. గట్టు ఎత్తును, అలమారల ఎత్తును సాధారణముగా మగవారును మేస్త్రియు వసారాలో నిర్ణయించెదరు. దినమునకు నాలుగు గంటలు అక్కడ నిలుచునది వేరొకరు. గట్టు మోచేతికి 4 మొదలు 6 అంగుళములు దిగువనున్నచో నడుమునకు సుఖము. పాతనేలపై క్రొత్తటైలు పరచినచో నేల అర అంగుళము మొదలు అంగుళమువరకు లేచి, గట్టు అంతమేర పొట్టిదగును. ఈ మాట ముందుగా నెవరును చెప్పరు. అలమార పైయరను అత్తగారు అందుకొనగలరా, పిల్లవాడు తల యెత్తినప్పుడు తలుపు తగులునా యనునవి కొలబద్దతో తేలవు. ఆ గదిలో మెలగువారే చెప్పవలయును. కావున గీత వేయునాడు మనమక్కడ నుండి, “నాయనా, గోడకును మట్టమునకును భేదమెంత? ఈ మేకు పొడవెంత? ఆ అర యెత్తెంత?” అని అడుగవలయును. పనియెరిగిన వడ్రంగి ఈ ప్రశ్నలకు నొచ్చుకొనడు; సంతోషముతో చూపును.

కడపటి కూలి చెల్లించుటకు ముందు ప్రతితలుపును పూర్తిగా తెరచి మూయుడు. ప్రతిసొరుగును లాగి చూడుడు. రసమట్టమును ప్రతిపెట్టెపై నుంచుడు. గోడ అలమారలలో గిన్నెలను కొలదికొలదిగా సర్ది, రెండు దినములు గడచినపిమ్మట గోడయొద్ద సందు పెరిగినదేమో పరీక్షించుడు. అంతయు సరిగానున్నచో మిగిలిన సొమ్మునిచ్చి, పొయ్యిని వసారానుండి లోనికి తెచ్చుకొనుడు.