అద్దె బాకీకి కోర్టే వసూలు గుమాస్తా

2018 ఏప్రిల్‌లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలోని ఎవిక్షన్ ల్యాబ్ ఒక జాబితా విడుదల చేసింది. అద్దెకున్నవాళ్లను కోర్టు ఉత్తర్వుతో ఎక్కువగా ఖాళీ చేయిస్తున్న అమెరికా పెద్ద నగరాల వరస అది. దక్షిణ కెరొలైనాలోని నార్త్ చార్ల్‌స్టన్‌ది మొదటి స్థానం, వర్జీనియా రాజధాని రిచ్మండ్‌ది రెండో స్థానం. 2016లో రిచ్మండ్‌లో అద్దెకున్న ప్రతి వంద కుటుంబాల్లో 11కు పైగా కుటుంబాల మీద ఖాళీ చేయమని తీర్పు వచ్చింది. మొదటి పదిలో ఐదు నగరాలు వర్జీనియావే: రిచ్మండ్, హాంప్టన్, న్యూపోర్ట్ న్యూస్, నార్ఫోక్, చెసపీక్. తమ రాష్ట్రంలో పరిస్థితి ఇలా ఉందని చట్టసభలో చాలామందికి ఆ జాబితా వచ్చాకే తెలిసింది.

అప్పటిదాకా తెలియకపోవడానికి కారణం ఉంది. దేశం మొత్తానికీ ఇలాంటి లెక్క ఎవరూ కట్టలేదు. అప్పు తీర్చలేక జప్తయిన ఇళ్లకు లెక్క ఉంది, అక్కడ బ్యాంకు సొమ్ము ఇరుక్కుంది కాబట్టి. అద్దె కట్టలేక వీధిన పడ్డ కుటుంబం కోసం ఏ శాఖా ఖాతా తెరవలేదు. మాథ్యూ డెస్మండ్ అనే సామాజిక శాస్త్రవేత్త మిల్వాకీ నగరంలోని పేదల మధ్య ఉండి రాసిన ‘ఎవిక్టెడ్’ 2016లో వచ్చింది, మరుసటి ఏడు దానికి పులిట్జర్ దక్కింది. ఆయనే ఆ ల్యాబ్ పెట్టి 8.3 కోట్ల కోర్టు రికార్డులు పోగుచేయించారు.

రిచ్మండ్ ఆ వరసలో అంత పైన ఎందుకుంది? పేదరికం వల్ల అని ఎవరైనా అంటారు, లేదా అద్దెలు మండిపోవడం వల్ల అంటారు. అద్దెలే కారణమైతే న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో ముందుండాలి. అవి ఆ జాబితాలో చాలా కిందున్నాయి. పేదరికమే కారణమైతే ఒకే రాష్ట్రానికి చెందిన ఐదు నగరాలు మొదటి పదిలోకి రావడం కుదరదు. చూడాల్సింది రాష్ట్ర చట్టాన్ని. ఆ రోజుల్లో వర్జీనియాలో అద్దె ఆలస్యమైతే ఐదు రోజుల నోటీసు చాలు, ఆ గడువు దాటితే దావా వేయొచ్చు. కోర్టు ఫీజు నామమాత్రం. కొన్ని వారాల్లో విచారణ. అద్దెదారుకు ప్రభుత్వం తరఫున వకీలును పెట్టరు, ఇది సివిల్ కేసు. పని మానుకుని, పిల్లల్ని ఎవరికో అప్పగించి జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టుకు వెళ్లలేక ఆగిపోయినవాళ్ల మీద ఎక్స్‌పార్టీ తీర్పు. వెళ్లినవాళ్లకైనా దక్కేది కొద్ది నిమిషాలే. బాకీ ఉందా అని అడుగుతారు, ఉందంటే అక్కడితో కేసు ముగిసినట్టే. గోడకు బూజు పట్టిందనీ, నెలలుగా హీటర్ పనిచేయడం లేదనీ చెప్పుకునే వ్యవధి అక్కడ ఉండదు.

ప్రిన్స్‌టన్ జాబితా వేలెత్తి చూపి ఆగింది. కథ లోతు చూసింది స్థానికులే. అదే ఏడాది వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయంలోని వైల్డర్ స్కూల్‌లో క్యాథరిన్ హవెల్, బెంజమిన్ టెరెసా అనే ఇద్దరు నగర ప్రణాళిక అధ్యాపకులు ఆర్‌వీఏ ఎవిక్షన్ ల్యాబ్ మొదలుపెట్టారు. ఆ స్కూలుకు పేరు డగ్లస్ వైల్డర్‌ది. బానిసలుగా బతికినవారికి మనవడు, రిచ్మండ్‌లోనే పుట్టి 1990లో గవర్నరైనవాడు. అమెరికాలో ఎన్నికల్లో గెలిచి గవర్నరైన తొలి నల్లజాతి నేత. ఆ పేరున్న స్కూల్లోని ల్యాబ్ నుంచి వచ్చిన మొదటి నివేదికల్లో ఒకటి ఏం తేల్చిందంటే, ఆదాయాన్నీ ఆస్తుల విలువనూ లెక్కలోకి తీసుకున్నాక కూడా, నల్లజాతివారు ఎక్కువగా ఉన్న పేటల్లో ఖాళీ చేయించే రేటు ఎక్కువే. ఒకే ఆదాయం ఉన్నా పేట మారితే ఇల్లు ఖాళీ చేయించే షెరీఫ్ వచ్చే అవకాశం మారుతుందన్న మాట.

ఈ ల్యాబ్ వాళ్లు దావాలను ఏ వీధిలో, ఏ అపార్ట్‌మెంట్ మీద, ఎవరు వేశారో విడదీసి చూశారు. దావాల్లో పెద్ద వాటా కొద్దిమంది పెద్ద యజమానులదని తేలింది. అప్పట్లో ఎక్కువ దావాలు వేస్తున్నవారిలో రిచ్మండ్ ప్రభుత్వ గృహ సంస్థ కూడా ఉండేది. పేదలకు ఇల్లు చూపించాల్సిన సంస్థే వాళ్లను కోర్టుకీడ్చేది. ఆ సంస్థను సమర్థించేవారు అద్దె రాకపోతే ఇళ్ల మరమ్మతులు ఎలా చేయాలంటారు. నిజమే. కానీ కొద్దిపాటి బాకీకి కూడా దావాయే మొదటి మందు కావడం నిర్వహణ లోపం. దాన్ని చట్టం చేతకాక భరిస్తోందనుకోవడం పొరపాటు, చట్టమే దానికి దారి వేసింది.

ఎందుకంటే చాలా దావాల ఉద్దేశం ఖాళీ చేయించడం కాదు. ప్రిన్స్‌టన్ ఎవిక్షన్ ల్యాబ్ పరిశోధకులు 2021లో ప్రచురించిన వ్యాసంలో దావాల్లో దాదాపు సగం ఒకే ఇంట్లో ఉన్న ఒకే కుటుంబం మీద మళ్లీ మళ్లీ పడ్డవేనని చూపారు. నెల మొదట్లో అద్దె రాదు, దావా పడుతుంది, జీతం రాగానే అద్దెదారు బాకీతోపాటు కోర్టు ఖర్చూ ఆలస్య రుసుమూ కడతాడు, కేసు కొట్టేస్తారు. రెండు నెలలు పోయాక మళ్లీ అదే. ఒక్కో దావా వల్ల కుటుంబం మీద పడే అదనపు భారం సగటున 180 డాలర్లు, ఆ నెల ఇంటి ఖర్చులో ఐదో వంతు. యజమాని జీతం ఇవ్వనక్కర్లేని వసూలు గుమాస్తా కోర్టు. కోర్టు ఫీజు ఎక్కువున్న చోట దావాలు తక్కువగా పడుతున్నాయని కూడా తర్వాతి పరిశోధనలో తేలింది. గుమాస్తా ఖర్చు పెరిగితే యజమాని ముందు ఫోను చేసి అడుగుతాడు.

నా దృష్టిలో ఈ పరిశోధనలన్నిటికీ అసలు విలువ ఇక్కడే ఉంది. పేదరికాన్ని ఒక చట్టంతో తగ్గించలేం. నోటీసు గడువు ఎన్ని రోజులుండాలి, ఫీజు ఎంతుండాలి, బాకీ కట్టడానికి ఆఖరి క్షణం ఏది అన్నవి మాత్రం చట్టసభ ఒక సమావేశంలో మార్చగలదు. వర్జీనియా కొంత మార్చింది కూడా. 2019 చట్టంతో షెరీఫ్ రావడానికి రెండు రోజుల ముందు దాకా బాకీ కట్టి ఇల్లు నిలుపుకునే హక్కు వచ్చింది. 2020 జులై నుంచి రిచ్మండ్, హాంప్టన్, పీటర్స్‌బర్గ్, డాన్‌విల్ కోర్టుల్లో బాకీని వాయిదాల్లో కట్టే ప్రయోగాత్మక పథకం పెట్టారు. పేరుకు చిన్న సవరణలు. వీటి వెనక ఉన్నది పేట పేటకూ తీసిన కోర్టు లెక్కలు. జాతీయ జాబితా ఒక్కటే అయితే చట్టసభ సభ్యుడు ‘మా నియోజకవర్గంలో అలా లేదు’ అని తప్పించుకునేవాడు.

ఆ తర్వాత కోవిడ్ వచ్చింది, ఎవరూ కోరుకోని పరీక్ష ఒకటి జరిగిపోయింది. 2020 సెప్టెంబరు 4 నుంచి కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ ఖాళీ చేయించడాన్ని నిలిపేసింది. 2021 ఆగస్టు 26న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఈ మధ్యలో అద్దె సాయం కోసం కాంగ్రెస్ రెండు విడతల్లో 4,600 కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. చాలా రాష్ట్రాలు ఆ డబ్బును పంచలేక తంటాలు పడుతుంటే వర్జీనియా ముందు వరసలో నిలిచింది. అద్దె సాయానికి దరఖాస్తు పెట్టకుండా ఖాళీ చేయించడం కుదరదని యజమానులకు షరతు పెట్టడం అందులో కీలకం. యజమానికి డబ్బు అందింది, కుటుంబానికి ఇల్లు మిగిలింది. 2022 మేలో కొత్త దరఖాస్తులు ఆపేశారు, ఆ షరతూ పోయింది, దావాలు మళ్లీ పైకెగశాయి. జాబితాలో రెండో స్థానం తెచ్చిన రాష్ట్రమే మూడేళ్లలో నమూనాగా నిలిచి, మళ్లీ పాత దారి పట్టింది. ఈ మధ్యలో జనం మారలేదు.

ఎదుటి వాదన కూడా చూడాలి, అదేమీ బలహీనం కాదు. షికాగో, న్యూయార్క్ కోర్టు రికార్డులతో ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన ఒకటుంది. కేసులు ఏ జడ్జి ముందుకు వెళ్లాలన్నది యాదృచ్ఛికంగా జరుగుతుంది కాబట్టి, మెతక జడ్జి దగ్గర పడ్డవాళ్లనూ కఠినమైన జడ్జి దగ్గర పడ్డవాళ్లనూ పోల్చారు. కుటుంబాల పతనం దావాకు చాలా ముందే మొదలైందని కనిపించింది. ఉద్యోగం పోవడం, జబ్బు, అప్పులు పేరుకోవడం వగైరా. అయితే ఆ పతనాన్ని లెక్కలోంచి తీసేశాక కూడా, ఖాళీ చేయించడం వల్ల నిరాశ్రయుల శిబిరాల్లో చేరేవాళ్లు పెరుగుతున్నారు, ఆస్పత్రి పాలవడం పెరుగుతోంది, సంపాదన తగ్గుతోంది. శాండియేగో లెక్కలతో చేసిన మరో అధ్యయనం ఇంకా ఇబ్బందికరమైన మాట చెప్పింది. అద్దెదారులందరికీ ఉచిత వకీలును ఇస్తే, యజమానులు ఆ నష్టభయాన్ని అద్దెలో కలిపేస్తారు, చివరకు బాగా పేదలైనవాళ్లకు ఇల్లే దొరకదు, అద్దె సాయమైతే అలా జరగదు అని. అద్దెదారులకు ఉచిత వకీలు కోసం ఉద్యమిస్తున్నవాళ్లకు ఇది రుచించదు. వర్జీనియా అనుభవం మాత్రం దీనికి కొంత దగ్గరగానే ఉంది, అక్కడ ఫలితమిచ్చింది డబ్బుతో ముడిపెట్టిన షరతు.

చిన్న యజమానుల బాధనూ కొట్టిపారేయలేం. రిచ్మండ్ శివార్లలో గ్లెన్ అలెన్, షార్ట్ పంప్ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, రెండో ఇల్లు కొని అద్దెకిచ్చుకున్నవారూ ఉంటారు. రెండు నెలలు అద్దె రాకపోతే బ్యాంకు వాయిదా జేబులోంచి కట్టాలి. కానీ వందల ఇళ్లున్న కంపెనీని కాపాడటానికి ఈ ఒక్క ఇంటి యజమానిని ముందు నిలబెట్టడం అక్కడి లాబీయిస్టుల పాత ఎత్తు. ఎవరు ఎన్ని దావాలు వేస్తున్నారన్న లెక్క బయటికొచ్చాకే ఆ ఎత్తు పలచబడింది.

కోర్టు లెక్కకున్న పరిమితి దాని పుట్టుకలోనే ఉంది. కోర్టుకెళ్లని కేసు దానికి కనిపించదు. డెస్మండ్ బృందం మిల్వాకీలో దాదాపు 1,100 అద్దె కుటుంబాలను ఇంటింటికీ వెళ్లి అడిగింది. ఇష్టం లేకుండా ఇల్లు మారాల్సి వచ్చినవాళ్లలో కోర్టు ద్వారా వెళ్లినవాళ్లు పావు వంతు కూడా లేరు. దాదాపు సగం మంది యజమాని నోటిమాట మీద, బెదిరింపు మీద, ఒక్కోసారి చేతిలో పెట్టిన కొద్దిపాటి డాలర్ల మీద వెళ్లిపోయినవాళ్లు. కోర్టు లెక్కలో కూడా చిల్లులున్నాయి. 2016కు ఎవిక్షన్ ల్యాబ్ మొదట చెప్పిన దావాలు 23 లక్షలు. రికార్డులు దొరకని కౌంటీలను సరిచూసుకున్నాక, కోవిడ్‌కు ముందు ఏడాదికి సుమారు 36 లక్షలని తేల్చారు. కాలిఫోర్నియా అద్దెదారుల సంఘాలు 2018లోనే ఈ అంకెల మీద విరుచుకుపడ్డాయి, మా రాష్ట్రంలో వాస్తవాన్ని తక్కువ చేసి చూపుతున్నారని. అందుకు ఒక కారణం విచిత్రమైనది. కాలిఫోర్నియాలో యజమాని 60 రోజుల్లో గెలవకపోతే కేసు రికార్డు గోప్యంగా ఉండిపోతుంది. అద్దెదారుకు అది వరం. లేకపోతే కొట్టేసిన కేసు కూడా అద్దెదారుల చరిత్ర అమ్ముకునే కంపెనీల చేతికి చిక్కి, తర్వాతి ఇల్లు దొరక్కుండా చేస్తుంది. కానీ ఆ గోప్యతే పరిశోధకుడి కళ్లకూ గంతలు కడుతుంది. రాష్ట్రాల పరిశోధన సంస్థలకు పేర్లు తీసేసిన రికార్డులు ఇచ్చి, వ్యాపార సంస్థలకు ఆపేస్తే రెండూ నెరవేరతాయి. ఇందులో సాంకేతిక సమస్యేమీ లేదు. కోర్టుల రిజిస్ట్రీలకు మనసు రావాలి.

హైదరాబాద్ విషయానికొస్తే, మిల్వాకీలో సగంగా ఉన్న నోటిమాట ఇక్కడ దాదాపు సర్వస్వం. ‘మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు, వచ్చే నెల ఖాళీ చేయండి’ అనగానే ట్రాలీ ఆటో మాట్లాడుకుంటారు. కోర్టుదాకా ఎవరెళ్తారు? వెళ్దామన్నా, 1960 నాటి అద్దె నియంత్రణ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదు. ఇరవై ఏళ్ల నాటి ఆ గీత కింద ఇవాళ ఎన్ని ఇళ్లుంటాయో ఊహించుకోవచ్చు. మిగిలిందల్లా ఆస్తి బదలాయింపు చట్టం కింద 15 రోజుల నోటీసు, ఆపైన సివిల్ కోర్టులో మామూలు దావా. భూమి తగాదాలూ అప్పు తగాదాలూ ఉన్న ఓఎస్ (ఒరిజినల్ సూట్) నంబర్ల గుట్టలో అదీ కలిసిపోతుంది. ఆంధ్రప్రదేశ్ 2017లో కొత్త అద్దె చట్టం చేసుకుంది, కేంద్రం 2021లో నమూనా చట్టం పంపింది. రెండింటి చర్చా ఒప్పందం ఎలా రాసుకోవాలి, వివాదం ఎవరు తేల్చాలి అన్నదాని చుట్టూనే సాగింది. ఏడాదికి ఎన్ని కుటుంబాలు ఇష్టం లేకుండా ఇల్లు మారుతున్నాయన్న ప్రశ్న వాటిలో లేదు.

కాబట్టి ఇక్కడ రిచ్మండ్ పద్ధతిని అరువు తెచ్చుకుంటే కోర్టులో దొరికేది ఖాళీ సంచే. మనకు పనికొచ్చేది మిల్వాకీ పద్ధతి. జనగణనలో ఇల్లు సొంతమా అద్దెదా అని ఎలాగూ అడుగుతారు. ఐదేళ్లలో ఎన్నిసార్లు మారారు, చివరిసారి మారింది ఎవరి కోరిక మీద అన్న రెండు ప్రశ్నలు బేగంపేటలోని ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం (సెస్) లాంటి సంస్థ నగరంలో వెయ్యి ఇళ్లలో అడిగినా, చట్టం మీద మాట్లాడటానికి మొదటిసారి ఒక అంకె చేతికొస్తుంది. ఆ సర్వే అమీర్‌పేట, మాదాపూర్ పీజీ హాస్టళ్లకూ వెళ్లాలి. అక్కడ పదకొండు నెలల అగ్రిమెంటు కాగితం కూడా ఉండదు, సాయంత్రం గది తాళం మారిస్తే అయిపోయింది.