మేం పెట్టని టిక్కులు తీయించాలని వినతి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కలెక్టరు గారికి, భద్రాచలం ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి గారికి చర్ల, దుమ్ముగూడెం మండలాల గిరిజన గూడేల ఖాతాదారులు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

విషయం: మమ్మల్ని అడక్కుండా ముందే ఎంచిపెట్టిన ఆప్షన్ల గురించి.

అయ్యా, అమ్మా,

తునికాకు డబ్బులు ఖాతాలో పడే రోజులు, బీమా కోత పడే రోజులు ఒకటే. మే నెలాఖరున మాలో కొందరి పాసుబుక్కుల్లో 436 రూపాయలు, ఇంకొందరివాటిలో దానిపైన మరో 20 రూపాయలు పోతున్నాయి. అడిగితే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా బీమాల ఏడాది ప్రీమియం అంటారు. ఎప్పుడు చేరామంటే, కంప్యూటరులో మీరు ఒప్పుకున్నట్టే ఉందంటారు.

బీమా వద్దని మేం అనడం లేదు. ఏ కారణంతో పోయినా ఇంటికి 2 లక్షలు వచ్చే బీమా 436కు దొరకడం మేలే. కానీ చేరిన సంగతి తెలియని మనిషి పోతే, పరిహారం అడగాలని ఇంటివాళ్లకు ఎలా తెలుస్తుంది? బతికున్నన్నాళ్లూ కోత పడుతుంది, పోయాక అడిగేవాళ్లుండరు.

ఖాతా తెరిచేచోట కంప్యూటరు తెర బ్యాంకు మిత్ర వైపు తిరిగి ఉంటుంది, మా వైపు ఉండేది వేలిముద్ర యంత్రం ఒక్కటే. బీమా గడిలో టిక్కు ముందే పడి ఉంటుంది. వద్దనుకుంటే ఆయనే తీయాలి, వెనక లైనేమో వాకిలి దాటి ఉంటుంది. ఆయన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. గడి ఖాళీగా వస్తే మమ్మల్ని అడక్క తప్పేది కాదు. చేర్చడానికి ఒక్క వేలిముద్ర చాలింది. ఆపాలంటే మాత్రం బ్రాంచికి పోయి ఫారం ఇవ్వాలి, ఆటో కిరాయికి తోడు ఒక రోజు కూలి పోతుంది. అందుకే చాలామంది పోనీలే అని వదిలేస్తున్నారు.

ఆన్‌లైన్ వ్యాపారాల్లో అడగని సరుకును బిల్లులో కలపడం, చేరడం సులువు చేసి మానుకోవడం కష్టం చేయడం తప్పని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు ఇచ్చింది. డార్క్ ప్యాటర్న్స్ పేరుతో అలాంటి 13 ఎత్తులను అందులో పేర్కొన్నారు. మా టిక్కు కూడా ఆ కోవలోదే.

కోత పడ్డట్టు వచ్చే మెసేజీ ఇంగ్లీషులో ఉంటోంది. ఫోనులో తెలుగు లేక కాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 16333 మూడో భాగం ప్రకారం ఇక్కడ అమ్మే ఫోన్లలో 22 భాషల అక్షరాలు కనబడాలి. పంపేచోట ఎవరో ఇంగ్లీషును ఎంచి వదిలేశారు, అంతే.

మాలో చాలామంది కాగితాల మీద జనవరి 1న పుట్టినవాళ్లమే. ఆధార్ నమోదప్పుడు వయసు చెప్పగలిగాం గానీ తేదీ చెప్పలేకపోయాం, ఆ గడిని కూడా కంప్యూటరే జనవరి 1 అని నింపేసింది. 2014లో ఆంధ్రలో కలిసిన చింతూరు, కూనవరంలోని మా చుట్టాల తిప్పలు వేరు. వాళ్ల పిన్‌కోడ్లు ఇప్పటికీ మా తెలంగాణ వైపు లాగే 507తోనే మొదలవుతాయి కాబట్టి, కొన్ని ఫారాలు రాష్ట్రం గడిలో వాటంతటవే తెలంగాణ అని నింపేస్తాయి. మా చుట్టాల సంగతి తమ పరిధిలోది కాదని తెలిసీ, రాయకుండా ఉండలేకపోయాం.

కలెక్టరు గారు జరిపే జిల్లా బ్యాంకర్ల సమావేశంలో ఈ సంగతి ఎత్తి, బీమా గడులన్నీ ఖాళీగా వచ్చేలా చేయించాలి. వేలిముద్రకు ముందు దేనికి ఒప్పుకుంటున్నామో తెలుగులో, తెలుగు రాని పెద్దలకు కోయలో చదివి వినిపించి, చీటీ ఇప్పించాలి. చేర్చిన చోటే మానుకునే వీలు కూడా ఉండాలి. మేము సంతకం పెట్టిన కాగితం చూపలేని కోతలను వెనక్కి వేయించాలి. ఏప్రిల్‌లో, తునికాకు కోయడానికి పోకముందే, ఎవరి పేరున ఏ బీమా ఉందో వాళ్లవాళ్లకు గూడెంలోనే చెప్పించాలి. జనవరి 1 సంగతికి పుట్టిన తేదీ ధ్రువపత్రాల కోసం ఐటీడీఏ వారు గూడేల్లో ఒక శిబిరం పెట్టిస్తే చాలు.

ఇట్లు,
చర్ల, దుమ్ముగూడెం మండలాల ఖాతాదారులు

జతపరిచినవి: కోతలు పడిన పాసుబుక్కు పేజీల నకళ్లు, సంతకాలు, వేలిముద్రలు.