బీరువాలో తుపాకీ

నాగోల్ మెట్రో స్టేషన్‌కు కాస్త దూరంలో, మా వీధి చివరి ఇంట్లో ఒక పెద్దాయన ఉండేవారు. సైన్యంలో పనిచేసి వచ్చి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక బ్యాంకు గుమ్మం దగ్గర కాపలా కాశారు. భుజాన వేలాడే డబుల్ బ్యారెల్ ఆయన సొంతం. మాజీ సైనికులు తమ పేరున లైసెన్సు తీసుకుని, తమ తుపాకీతోనే ఇలాంటి కొలువులకు వెళ్లడం మన దగ్గర మామూలే.

ఉద్యోగం మానేశాక అది బీరువాలోకి చేరింది. దసరాకు బయటికి తీసి, నూనె గుడ్డతో తుడిచి, పసుపు కుంకుమలు పెట్టేవారు. ఎన్నికల కోడ్ వస్తే స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. 2023 చివర్లో అసెంబ్లీ ఎన్నికలకు ఒకసారి, ఆర్నెల్లు తిరక్కుండానే లోక్‌సభ ఎన్నికలకు మరోసారి ఆయనకు తోడుగా నేనూ వెళ్లాను. అది తిరిగి ఇంటికొచ్చేదాకా ఆయనకు మనసు మనసులో ఉండేది కాదు.

ఆయన పోయి పదిహేను రోజులయ్యాక పెద్దమ్మ నన్ను పిలిచి బీరువా తలుపు తీశారు. ‘ఇల్లు నా పేరు మీదికొస్తది, పింఛనొస్తది. దీన్నేం జేయాలె బిడ్డా?’ అన్నారు.

బంగారమైతే పంచుకుంటారు. చేతి గడియారం మనవడు పెట్టుకుంటాడు. తుపాకీని మాత్రం 1959 నాటి ఆయుధాల చట్టం ఒక మనిషి పేరుకు కట్టేసింది. ఆ మనిషి పోతే లైసెన్సూ ఆయనతోనే పోతుంది, తుపాకీ ఉండిపోతుంది. దాన్ని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో ఉంచి, వారసుల్లో ఒకరు తమ పేరున కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి.

కొడుకు డాలస్‌లో స్థిరపడ్డాడు. ఫోన్లో విషయం విని, ‘ఇక్కడ కొందరు గన్ ట్రస్ట్ పెట్టుకుంటారు’ అన్నాడు. అక్కడ 1934 నాటి చట్టం కిందికొచ్చే సైలెన్సర్లు, పొట్టి గొట్టపు రైఫిళ్ల లాంటివాటిని ట్రస్టు పేరున ఉంచుకోవచ్చట. భార్యాబిడ్డలు ట్రస్టీలైతే చట్టబద్ధంగా వాళ్లూ వాటిని దగ్గర ఉంచుకోవచ్చు. రాసినాయన కన్నుమూసినా ట్రస్టు నిలిచి ఉంటుంది. ‘నాన్నకూ అలాంటిదొకటి ఉంటే బాగుండేది’ అంటుంటే అతని గొంతు జీరబోయింది. నాన్న చెయ్యి తగిలిన వస్తువు పరాయి గదిలోకి పోతోందన్న దిగులు అది.

నిజానికి ఇక్కడా ఒక దారి ఉంది. 2016 నాటి ఆయుధాల నియమాల ప్రకారం, 70 ఏళ్లు నిండినా, ఆయుధం తన దగ్గరకొచ్చి 25 ఏళ్లయినా, లైసెన్సుదారు బతికుండగానే వారసుల్లో ఒకరి పేరు చెప్పొచ్చు. ఆ వారసుడికి అర్హత ఉంటే లైసెన్సు ఇస్తారు. మా పెద్దాయనకు రెండూ నిండాయి. ఆ మాట ఎత్తినవాళ్లే లేరు. ఎలా ఎత్తుతారు? వీలునామా అంటేనే మన ఇళ్లలో అపశకునం. బీమా కాగితంలో నామినీ పేరు రాసేటప్పుడు కూడా గొంతు తగ్గించి మాట్లాడుకుంటాం. ఆయనకు భయం ఉండేదని నేననుకోను. అడిగితే చెప్పేవారే.

కూతురు కొత్తపేటలోనే ఉంటుంది. తండ్రితో పాటు ఏటా దసరాకు ఆ గొట్టాలు తుడిచింది ఆమే. తనకివ్వాలని ఆయనకు ఉండేదేమో, ఇక తెలిసే దారి లేదు.

స్టేషన్‌కు కబురు చేసి తుపాకీ అప్పగించాం. తిరిగొస్తుంటే ఆటోలో పెద్దమ్మ లైసెన్సు పుస్తకం తెరిచి చూస్తూ కూర్చున్నారు. అందులోని ఫొటోలో ఆయనవి నల్ల మీసాలు.

మీ ఇంట్లోనూ అలాంటి పుస్తకం ఉంటే, ఈ ఆదివారం పెద్దాయన పక్కన కూర్చుని ఒకసారి తెరిపించండి. ఎప్పుడు కొన్నారో అడగండి. ఎవరికివ్వాలని ఉందో కూడా అడగండి.