గడప దగ్గరి మర్యాద

అమీర్‌పేటలో శిక్షణ సంస్థల వెనుక సందుల్లో ఉన్న ఏ హాస్టలు మెట్లెక్కినా మొదట కనిపించేవి పుస్తకాలు కావు, చెప్పులు. శ్రీకాకుళం నుంచి వచ్చిన విద్యార్థివీ, ఆదిలాబాదు నుంచి వచ్చిన విద్యార్థివీ, కొత్తగా కొన్నవీ, తెగితే కుట్టించుకొన్నవీ గుమ్మం బయట ఒకే వరుసలో ఉంటాయి. పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలోని సాయిబాబా మందిరం ముందు ఇదే దృశ్యం. అమీర్‌పేట గురుద్వారా ముందు, మసీదుల ముందు కూడా ఇదే దృశ్యం. ప్రార్థన మారినా, భాష మారినా గడప దగ్గర మనిషి చేసే పని మాత్రం ఒక్కటే.

ఈ మర్యాద తెలుగునాటికే పరిమితమైనది కాదు. ఆ హాస్టలు గదుల్లో రాత్రివేళ కొరియా ధారావాహికలు చూసే యువతీయువకులు, అందులోని పాత్రలు ఎంత తొందరలో ఉన్నా బూట్లు విడవనిదే ఇంట్లోకి అడుగుపెట్టకపోవడం గమనించే ఉంటారు. కొరియా ఇళ్ళలో తలుపు తీయగానే లోపలి నేలకంటే కొంచెం పల్లంగా చిన్న జాగా ఉంటుంది. దానిని 'హ్యోన్‌గ్వాన్' అంటారు. బయటి దుమ్ము అక్కడే ఆగిపోవాలి. బడులలో సైతం లోపల తొడుగుకొనడానికి వేరే చెప్పులు ఉంచుకొనే అలవాటు అక్కడ ఉంది.

ఈ ఆచారానికి మూలం ఆ ఇంటి నేలలోనే ఉంది. చలి తీవ్రంగా ఉండే ఆ దేశంలో 'ఒండోల్' అనే పద్ధతిలో నేలను వెచ్చజేస్తారు. పూర్వం పొయ్యిలో మండిన మంట వేడి, పొగ గది నేలరాళ్ళ కింది దారుల గుండా సాగి పొగగొట్టం ద్వారా బయటికి పోయేవి. నేడు ఆ పనిని నేల కింది గొట్టాలలోని వేడినీరు చేస్తున్నది. దక్షిణ కొరియా 2018లో ఒండోల్ సంస్కృతిని తన జాతీయ వారసత్వ సంపదలో చేర్చుకొన్నది. కూర్చోవడం, భుజించడం, నిద్రించడం అన్నీ నేలమీదనే సాగిన ఇంట్లో నేలను పాన్పువలె శుభ్రంగా ఉంచుకోవడం సహజమే కదా!

తెలుగువారూ నేలను అట్లే గౌరవించారు. గడపకు పసుపు రాసి, వాకిట ముగ్గు పెట్టి, వచ్చిన అతిథికి ముందుగా కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ఇచ్చారు. చాపమీదనో, పీటమీదనో కూర్చుని భోజనం చేశారు. చలి దేశం వెచ్చదనం కోసం, ఎండల దేశం చల్లదనం కోసం నేలను ఆశ్రయించి ఒకే మర్యాదను చేరుకొన్నాయి.

అయితే ఈ మర్యాదకు మరొక ముఖం ఉంది. అందరూ పాటిస్తే అది గౌరవం. ఒకరు పాటించి, మరొకరు పాటించకపోతే అది పెత్తనం. ఆంగ్లేయుల పాలనలో భారతీయులు అధికారుల ఎదుట పాదరక్షలు విడవాలని నిర్బంధించారు. 1862లో సూరత్ న్యాయస్థానంలో మానెక్‌జీ కోవాస్‌జీ ఎంటీ అనే ఉద్యోగి అందుకు నిరాకరించినందుకు ఆయనను లోపలికి రానీయలేదు. హైదరాబాదులో కథ దీనికి భిన్నం. నిజాం దర్బారులో బ్రిటిష్ రెసిడెంటే బూట్లు విడిచి నేలపై కూర్చోవలసి వచ్చేది. 1869లో మూడేళ్ళయినా నిండని మీర్ మహబూబ్ అలీఖాన్ గద్దెనెక్కిన తరుణంలో రెసిడెంటు సాండర్స్ ఆ పద్ధతిని కాదన్నాడు. తాము బూట్లతోనే వచ్చి కుర్చీలలో కూర్చుంటామని పట్టుపట్టి నెగ్గించుకొన్నాడు. మారింది మర్యాద కాదు, అధికారం ఎవరిదన్నదే.

పరాయి పాలకులను నిందించి ఊరుకోవడం న్యాయం కాదు. తెలుగు పల్లెల్లో దళితులు పెత్తందార్ల వీధుల గుండా చెప్పులు చేతపట్టుకొని నడవవలసిన రోజులు ఉండేవి. తోలు పదును చేసి ఊరందరికీ చెప్పులు కుట్టిన వారికే వాటిని తొడిగి ఊళ్ళో నడిచే స్వేచ్ఛ లేకపోయింది. అది మర్యాద ముసుగు వేసుకొన్న అవమానం.

ఆ అవమానం పూర్తిగా అంతరించిందని చెప్పలేము. యజమాని బూట్లతో హాలులో తిరుగుతూ, పనిమనిషి మాత్రం చెప్పులు మెట్ల కిందనే విడిచి రావాలని కోరే ఇళ్ళు నేటి నగరాలలోనూ ఉన్నాయి. వైద్యుడు బూట్లతో కూర్చుంటే రోగి మాత్రం వట్టికాళ్ళతో నిలబడవలసిన ఆసుపత్రి గదులూ ఉన్నాయి. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు ఇంట్లో సైతం చెప్పులు లేకుండా నడవరాదని వైద్యశాస్త్రమే చెబుతున్నది. అటువంటి వారికోసం గుమ్మం లోపల ఒక జత శుభ్రమైన చెప్పులు ఉంచడం కూడా మర్యాదలో భాగమే. కొరియా ఇళ్ళలో అతిథికి అందించే ఇంటి చెప్పులు ఇందుకు మంచి ఆదర్శం.

గడప దగ్గర చెప్పులు విడవడం నిలుపుకోదగిన ఆచారమే. వీధి దుమ్మును వీధిలోనే ఉంచుతుంది, ఇల్లు ఊడ్చేవారి శ్రమను గుర్తిస్తుంది. కాని ఆ ఆచారం ఇంటి యజమానికీ, అతనింటి పనివారికీ ఒకే విధంగా వర్తించాలి. అమీర్‌పేట హాస్టలు మెట్లమీది వరుసలో ఏ జత ఏ కులానిదో, ఏ జిల్లాదో, ఎంత ధనవంతునిదో ఎవరూ అడగరు. చదువు ముగించి రేపు సొంత ఇళ్ళు కట్టుకోబోయే ఆ యువతరం, తమ గడపల ముందు కూడా ఆ వరుసనే నిలుపుకోవాలి.