నంబరు సరే.. వాసన చూశారా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో యాసంగి అంటే పల్లీ గుర్తొస్తుంది. నూనెగింజల కోసం కేంద్రం 2024 అక్టోబరులో రూ.10,103 కోట్ల జాతీయ మిషన్‌ను ఆమోదించింది. 2022-23లో 3.9 కోట్ల టన్నులున్న ఉత్పత్తిని 2030-31కి 6.97 కోట్ల టన్నులకు చేర్చాలన్నది లక్ష్యం. పంట పెరిగితే చాలదు. నిల్వలో గింజ, నూనె పాడవుతున్నాయని ముందే పసిగట్టేవాళ్లు కావాలి. కెమిస్ట్రీ, ఫుడ్ టెక్నాలజీ, కెమికల్ ఇంజినీరింగ్ చదివిన మీకు క్వాలిటీ కంట్రోల్ పని అక్కడే ఉంది.

అసలేం జరుగుతుంది?

పల్లీ నూనెలోని లినోలిక్ ఆమ్లం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మొదట పెరాక్సైడ్లు అవుతుంది. వీటికి వాసన లేదు. అవి విరిగి హెక్సనాల్ లాంటి ఆల్డిహైడ్లుగా మారాకే ముక్కిన వాసన మొదలవుతుంది. పాత బీరులో తడిసిన అట్టపెట్టె వాసనకు కారణమయ్యే ట్రాన్స్-2-నోనెనాల్ కూడా ఈ కుటుంబానిదే. మాల్ట్‌లోని లినోలిక్ ఆమ్లం నుంచే పుడుతుంది.

ఇంటర్వ్యూలో తడబడేది ఇక్కడే. పెరాక్సైడ్ విలువ కొంతకాలం పెరిగి, తర్వాత పడిపోతుంది. అంటే బాగా పాతబడ్డ నూనె కూడా తక్కువ నంబరు చూపించొచ్చు! అందుకే ఆల్డిహైడ్లను కొలిచే అనిసిడిన్ విలువ కూడా చూడాలి. దాంతోపాటు మీ ముక్కూ పనిచేయాలి.

ఇంట్లోనే సాధన

తాజా పల్లీ నూనె కొంత చల్లని చీకటి చోట మూతపెట్టి ఉంచండి. ఇంకొంత మూత తీసి ఎండ తగిలే కిటికీ దగ్గర కొన్ని వారాలు పెట్టండి. తర్వాత ఒకేలాంటి మూడు కప్పులు తీసుకోండి. రెండింట్లో ఒక నూనె, మూడోదాంట్లో ఇంకోటి. కప్పులు మీ ఫ్రెండ్ మార్చి పెట్టాలి. తేడా కప్పును వాసనతోనే పట్టుకోండి. ఊహతో చెబితే మూడింట ఒక వంతే ఛాన్స్. ఆరుసార్లలో ఐదుసార్లు పట్టారంటే అది గాలివాటం కాదు. ల్యాబుల్లో దీన్నే ట్రయాంగిల్ టెస్ట్ అంటారు.

ఒక జాగ్రత్త. బూజుతో వచ్చే అఫ్లాటాక్సిన్ వాసనకు దొరకదు. దానికి ల్యాబ్ పరీక్షే దిక్కు. ముక్కు ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో చెప్పగలిగితే సగం ఇంటర్వ్యూ గెలిచినట్టే.