ఆర్ట్స్ పిల్లకి ఆకాశంతో పనేమిటి?

ఈ వారం ఉత్తరాల కట్టలో తెనాలి నించి ఒకావిడ రాసిన ఉత్తరం ఉంది. వాళ్లమ్మాయి అమెరికాలో ఎకనామిక్స్ డిగ్రీ చదువుతోందట. ఇంటర్లో సి.ఇ.సి. తీసుకున్నరోజే సైన్సుకి నీళ్లొదిలేసిన పిల్ల. "ఇప్పుడేమో ఆస్ట్రానమీ క్లాసులో చేరానంటోందండీ. జాతకాలు నేర్చుకోవటానికా అప్పుచేసి అంత ఫీజు కట్టింది? లెక్కలంటే హడలిపోతుంది, తప్పితే ఏం గతి?" అని ఆవిడ బెంగ.

ముందు జాతకాల సంగతి తేల్చేద్దాం. అది ఆస్ట్రాలజీ. ఇది ఆస్ట్రానమీ, ఖగోళశాస్త్రం. పేర్లు అక్కచెల్లెళ్లలా వినిపిస్తాయిగానీ కాపురాలు వేరు.

ఇక ఎకనామిక్స్ పిల్లకి ఆకాశం ఎందుకంటారా? మన దగ్గర పదోతరగతి కాగానే పిల్ల నుదుట గ్రూపు రాసేస్తాం. ఎం.పి.సి. అయితే ఒక దారి, సి.ఇ.సి. అయితే ఇంకో దారి, మళ్లీ కలవవు. అమెరికా కాలేజీల్లో చాలావాటి పద్ధతి వేరు. ఏది ముఖ్యంగా చదివినా, దానికి బయట కొన్ని సబ్జెక్టులు చదివితేగానీ డిగ్రీ చేతికివ్వరు. సాహిత్యం చదివేవాళ్లూ ఏదో ఒక సైన్సు చదవాల్సిందే. అలాంటివాళ్లలో చాలామంది ఎంచుకునేది ఆస్ట్రానమీ. ఏటా సుమారు 2.5 లక్షలమంది ఈ తొలి కోర్సు తీసుకుంటారని అక్కడి అధ్యాపకులు కొన్నేళ్లక్రితం లెక్కకట్టారు. ఈ పిల్లల్లో చాలామందికి జీవితం మొత్తంమీద అదే ఆఖరి సైన్సు క్లాసు.

అందుకే ఆ క్లాసు తీరు కూడా వేరు. సైన్సు వాళ్లకి పెట్టేది, ఇతరులకి పెట్టేది విడివిడిగా ఉంటాయి. రెండో రకంలో కాల్‌క్యులస్ జోలికి వెళ్లరు. హెచ్చవేతలు, భాగహారాలు, కాస్త ఆల్‌జీబ్రా వస్తే గడిచిపోతుంది. అలాగని "ఓస్, చుక్కలు చూడటమేగా" అని క్లాసులు ఎగ్గొడితే మార్కులు పోతాయి. ఆ మార్కులు డిగ్రీ మొత్తంలో కలుస్తాయని అమ్మాయికి చెప్పండి. చేరిన క్లాసు ఏ రకమో, ల్యాబ్ ఉందో లేదో ముందే కనుక్కోమనండి. పుస్తకానికి మాత్రం తొందరపడి డబ్బు తగలెయ్యొద్దు. ఓపెన్‌స్టాక్స్ వాళ్లు 2016లో ఇలాంటి విద్యార్థులకోసమే ఒక ఆస్ట్రానమీ పాఠ్యపుస్తకం తెచ్చారు, కంప్యూటర్లో ఉచితంగా చదువుకోవచ్చు. మేష్టారు వేరే పుస్తకం కొనాలంటే అది వేరే మాట.

సరే, ఇంతకీ ఏం నేర్పుతారు? మనకి తెలుసనుకున్నవి నిజంగా తెలుసా అని మొదలుపెడతారు. వేసవిలో ఎండ ఎందుకు ఎక్కువ? ఠక్కున "భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది కాబట్టి" అనేశారా? కంగారుపడకండి, మీకు గొప్పవాళ్లే తోడున్నారు. 1987లో తీసిన ఒక డాక్యుమెంటరీలో హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకుంటున్నవాళ్లనీ, పాత విద్యార్థులనీ, పాఠాలు చెప్పేవాళ్లనీ ఇలాంటి ప్రశ్నలే అడిగారు. 23 మందిలో 21 మంది సరిగ్గా చెప్పలేకపోయారు!

నిజానికి భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదటివారంలో. అంటే మనం భోగిమంటలకి పిడకలు పోగేసుకునే రోజుల్లో. అప్పుడు దూరం సుమారు 14.7 కోట్ల కిలోమీటర్లు. జూలైలో 15.2 కోట్లు. దగ్గరగా ఉన్నప్పుడే మనకి చలి! అసలు కారణం భూమి ఇరుసు సుమారు 23.5 డిగ్రీలు వాలి ఉండటం. దీనికి సాక్ష్యం మీ ఇంట్లోనే ఉంది. దక్షిణం వసారా ఉంటే గమనించండి. డిసెంబర్లో మధ్యాహ్నపు ఎండ గడప దాకా వస్తుంది. మే నెలలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, చూరు దాటి లోపలికి రాడు. నిటారుగా పడే ఎండకి వేడెక్కువ, పైగా పగలు పొడుగు. వడియాలు ఎప్పుడు పెట్టాలో ఎరిగిన ఇల్లాలికి ఇందులో సగం పాఠం వచ్చినట్టే.

చంద్రుడి కళల పాఠం ఇంకా బావుంటుంది. భూమి నీడ పడి చంద్రుడు తరుగుతాడని చాలామంది అనుకుంటారు, కాదు. అక్కడి క్లాసుల్లో బల్బూ బంతీ ఇచ్చి పిల్లలచేతే చేయిస్తారు. మనకి నిమ్మకాయ చాలు. రాత్రి తలుపులు మూసి, గదిలో మీ కళ్ల ఎత్తున ఒక్క బల్బు వెలిగించండి. ఫోర్కుకి నిమ్మకాయ గుచ్చి, చెయ్యి చాచి బల్బు వైపు పట్టుకోండి. మీవైపు చీకటే. అది అమావాస్య. చెయ్యి అలాగే ఉంచి మెల్లగా ఎడమకి తిరగండి. కుడి అంచున సన్నటి వెలుగు, అది విదియ చంద్రుడు. పావుచుట్టు తిరిగేసరికి సగం వెలుగు, అష్టమి. బల్బు వీపు వెనక్కి వచ్చాక నిమ్మకాయని తలకన్నా కాస్త ఎత్తి పట్టుకోండి, పున్నమి. కిందికి దించారా, మీ తల నీడ దానిమీద పడుతుంది. అదీ చంద్రగ్రహణం! నిమ్మకాయమీద ఎప్పుడూ సగం వెలుగే ఉంది, అందులో మనకి కనిపించే వాటా మారిందంతే. పని అయ్యాక పులిహోరలో పిండుకోండి.

లెక్కలు రానివాళ్లకి ఆకాశం అందదనే మాట నాకు మొదటినించీ గిట్టదు. విలియమినా ఫ్లెమింగ్ అనే స్కాట్లండ్ ఆవిడ కడుపుతో ఉండగా భర్త వదిలేస్తే, అమెరికాలో ఒకరింట పనిమనిషిగా చేరింది. ఆ ఇంటాయన హార్వర్డ్ నక్షత్రశాలకి అధిపతి, పికరింగ్. 1881లో ఆవిణ్ణి తన నక్షత్రశాలలో ఉద్యోగంలోకి తీసుకున్నాడు. ఆవిడ ఫొటో పలకలమీద నక్షత్రాల కాంతిని పరిశీలించి 10,000కి పైగా నక్షత్రాలని తరగతులవారీగా విడదీసింది. గుర్రపుతల ఆకారంలో ఉన్న ప్రసిద్ధమైన నల్లటి మేఘాన్ని 1888లో తీసిన పలకమీద మొదట గుర్తుపట్టిందీ ఆవిడే. ఆ నక్షత్రశాలలో ఇలాంటి ఆడవాళ్లు ఎందరో పనిచేశారు. జీతం గంటకి పాతిక సెంట్లు. మగవాళ్లకన్నా తక్కువకి దొరుకుతారనేగా పెట్టుకున్నది అనిపిస్తుంది నాకు. పని మాత్రం నిలిచిపోయింది.

మన పెళ్లిళ్లలో పట్టపగలు అరుంధతిని చూపిస్తారు. "కనపడిందా?" అంటే తల ఊపేసి వచ్చేసిన వాళ్లమే అందరం. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కి ఉత్తరం వైపు చూడండి. సప్తర్షుల తోకలో మధ్య చుక్క వశిష్ఠుడు, ఆ పక్కనే నలకంత అరుంధతి. ఆ వెలుగు అక్కణ్ణించి బయలుదేరి ఎనభై ఏళ్ల పైమాటే.

తెనాలి చెల్లెలుగారూ! చాలా క్లాసుల్లో నెల్లాళ్లపాటు చంద్రుణ్ణి చూసి బొమ్మ గీసే హోంవర్కు ఇస్తారు. మీరూ ఒక నోటుపుస్తకం తీయండి. అమావాస్య వెళ్లిన మూడోనాటి నించి పున్నమి దాకా రోజూ ఏడింటికి ఒక గుండ్రం గీసి, చీకటి భాగాన్ని పెన్సిలుతో నింపండి. పక్కన తిథి రాయండి. అమ్మాయికి సాయంత్రమయ్యేది మీకన్నా పది పన్నెండు గంటలు ఆలస్యంగా. అప్పటికి అదే చంద్రుడు పిసరంత లావవుతాడు. ఫోన్లో రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని, ఎంత తేడా వచ్చిందో అమ్మాయిని అడగండి.