మోత గొట్టానిది, తగవు పొరుగువారితో

నంద్యాల: 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. ఇక్కడగాని, ఆళ్లగడ్డలోగాని అపార్టుమెంటు కొనదలచిన రైతులు గోడలతోపాటు మురుగు గొట్టాలు కూడా చూసుకోవాలి. పైవారు మరుగుదొడ్డిలో నీళ్లు వదిలితే కిందివారికి నిద్రాభంగం. దీనికై పైవారితో పోట్లాడడం దండగ. పూర్వపు పోతఇనుప గొట్టం బరువుది, మోతను అణచేది. పలుచని పి.వి.సి. గొట్టం ఆ పని చేయలేదు. అందులో నిలువునా పడ్డ నీరు అడుగున 90 డిగ్రీల వంపును ఢీకొన్నచోటే రభస ఎక్కువ. అక్కడ 45 డిగ్రీల వంపులు రెండు వేసి, క్లాంపుల కింద రబ్బరు పెడితే చాలావరకు తగ్గుతుంది. కట్టేటప్పుడైతే ఖర్చు స్వల్పం. గోడలు పూసిన తర్వాత బరువైన రబ్బరు షీటు చుట్టి, చుట్టూ పెట్టె కట్టించుకోవలసిందే. గుటకలు వేసినట్టు గడగడమంటే మాత్రం మిద్దెమీది గాలి గొట్టం మూసుకుపోయిందేమో ముందు చూడాలి.